పిచ్చిపక్షుల దీవి

బి.ఎస్సి. (బి.జెడ్.సి.), తృతీయ సంవత్సరం

"సావనీరుకు ఏదైనా వ్రాయవోయ్" అని మా మేగజైన్ సెక్రటరీ నన్ను హాస్టల్ మెస్సులో, చేతిలో సాంబారు గరిటె ఉండగా పట్టుకున్నాడు. నాకు కవిత్వం రాదన్నాను. "వచన కవిత్వానికి రానక్కర్లేదు, ధైర్యముంటే చాలు" అన్నాడు. ఆ ధైర్యం కూడా లేదన్నాను. ప్రేమ మీదా, వరకట్నం మీదా, నిరుద్యోగం మీదా వ్రాయగలవాళ్ళు మన కాలేజీలో వరండాకు పదిమంది ఉన్నారు. నేను జపాను దేశం దిగువన సముద్రంలో ఉన్న ఒక రాతిదీవిని గురించి వ్రాస్తానంటే, అతను నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వెప్పుడు పోయినావురా జపానుకి?"

పోలేదు. మా జిల్లాలో సముద్రమే లేదు. ఇప్పటికి రెండుసార్లు చూశాను సముద్రాన్ని, రెండుసార్లూ ఎక్స్‌కర్షన్ బస్సు కిటికీలోంచే. అయినా ఆ దీవికీ, మా గుట్టకింద చేనుకూ మధ్య నేను తేల్చుకోవలసిన లెక్క ఒకటి ఉంది. అది ఇక్కడ తేల్చుకుంటాను. పాఠకులు మన్నింతురు గాక.

పోయిన ఏడాది మా జువాలజీ మాస్టారు సెమినార్లకు చీటీలు వేశారు. విషయం: కనుమరుగవుతున్న జీవజాతులు. ఒకడికి పులి వచ్చింది. ఇంకొకడికి మన రోళ్ళపాడు బట్టమేకపిట్ట వచ్చింది. నా చీటీ విప్పితే "పొట్టితోక ఆల్బట్రాస్" అని ఉంది. పులి వచ్చినవాడు కాలరు ఎగరేసుకున్నాడు. నేను లైబ్రరీకి నడిచాను.

ఆ పక్షి కథంతా ఒక దీవి కథే. దీవి పేరు తోరిషిమా. జపాను భాషలో తోరి అంటే పక్షి, షిమా అంటే దీవి. టోక్యోకు దక్షిణంగా సుమారు 580 కిలోమీటర్ల దూరంలో పసిఫిక్ మహాసముద్రంలో ఉంది. అడ్డంగా కొలిస్తే మూడు కిలోమీటర్లకు లోపే. నడిమధ్య 394 మీటర్ల ఎత్తున అగ్నిపర్వత శిఖరం. చుట్టూ నల్లని కొండచరియలు. ఓడ కట్టడానికి రేవు లేదు, త్రాగడానికి ఊటనీళ్ళు లేవు, ఈనాడు కాపురముండే మనిషి లేడు.

అలాగని మనిషి అడుగు పడని చోటు కాదు. మొదట పడినవాళ్ళు కోరి పడలేదు. 1785లో నోమురా చోహేయి అనే నావికుడు తుఫానులో కొట్టుకొనివచ్చి ఇక్కడ పడ్డాడు. తోటివాళ్ళు ఒక్కొక్కరే చనిపోయారు. అతను పక్షిమాంసం ఎండబెట్టుకొని తిని, ఈకలతో ఒళ్ళు కప్పుకొని, గుడ్డు పెంకులలో వానచుక్కలు పట్టుకొని త్రాగి బ్రతికాడు. తరువాత ఇంకా రెండు ఓడలవాళ్ళు అలాగే కొట్టుకొనివచ్చారు. అందరూ కలిసి, కొట్టుకొచ్చిన కొయ్యముక్కలతో పడవ కట్టుకొని 1797లో బయటపడ్డారు. పన్నెండేళ్ళు! మన హాస్టల్లో మూడేళ్ళకే ఏడుస్తున్నాం.

1841లో ఇంకో అయిదుగురు జాలరులు కొట్టుకొచ్చారు. వారిలో చిన్నవాడు మంజిరో, పధ్నాలుగేళ్ళవాడు. 143 రోజులు ఒక గుహలో తలదాచుకొని, అవే పక్షులను తిని బ్రతికారు. చివరికి విట్‌ఫీల్డ్ అనే కెప్టెను నడిపే అమెరికా తిమింగలాల వేట ఓడ వాళ్ళను ఎక్కించుకున్నది. ఆ కుర్రవాడే అమెరికాలో చదువుకొని, పదేళ్ళకు జపాను తిరిగివచ్చి, తలుపులు మూసుకొని ఉన్న తన దేశానికి బయటి ప్రపంచం సంగతులు చెప్పినవాడు.

వీళ్ళందరినీ బ్రతికించిన పక్షి సామాన్యమైనది కాదు. రెక్కలు చాస్తే ఏడడుగులకు పైన. రెక్క ఆడించకుండా గాలి మీద గంటలకొద్దీ తేలగలదు. కాని నేల మీద దాని నడక మా ఊరి నిండు చూలు ఎనుము నడక. ఎగరాలంటే కొంతదూరం పరుగెత్తాలి. మనిషిని చూసి భయపడడం దానికి తెలియదు, ఎందుకంటే మనిషి లేని చోట పుట్టింది. కర్రతో పక్కదాన్ని కొడుతున్నా ఇది కదలక కూర్చునేది. అందుకని జపానువాళ్ళు దానికి "అహోదోరి" అని పేరు పెట్టారు. అంటే పిచ్చిపక్షి.

ఆకలితో చంపినవాళ్ళ చేతిలో ఆ జాతికి ముప్పు రాలేదు. ముప్పు పరుపులతో వచ్చింది. ఈ పక్షి ఈకలకు, నూగుకు విదేశాలలో మంచి ధర పలికేది. 1887లో తమావోకి హానెమోన్ అనే వ్యాపారి కూలీలను దీవికి తోలుకొనివెళ్ళాడు. ఊరు లేచింది. కర్రలతో కొట్టడం, ఈకలు పీకడం, మూటలు కట్టడం. పదిహేనేళ్ళలో చచ్చిన పక్షులు యాభై లక్షలకు తక్కువ ఉండవని అంచనా. 1902 ఆగస్టులో అగ్నిపర్వతం పేలింది. దీవి మీద ఉన్న 125 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

అయినా వేట ఆగలేదు. మళ్ళీ జనం వచ్చారు. 1933లో ప్రభుత్వం వేటను నిషేధించేనాటికి కాపాడడానికి మిగిలినవి బహుకొద్ది. 1939లో పర్వతం మరొకమారు పేలి, గూళ్ళు కట్టుకునే నేలను లావాతో, బూడిదతో కప్పేసింది. 1949లో ఆస్టిన్ అనే అమెరికా పక్షిశాస్త్రజ్ఞుడు ఓడలో దీవి చుట్టూ తిరిగి చూస్తే ఒక్క ఆల్బట్రాస్ కూడా కనిపించలేదు. ఈ జాతి నశించిందని ఆయన తేల్చి వ్రాశాడు.

శాస్త్రజ్ఞుని మాట తప్పయినందుకు సంతోషించే సందర్భాలు శాస్త్రంలో కొన్ని ఉంటాయి. ఇది ఒకటి. యుద్ధం తరువాత దీవి మీద వాతావరణ కేంద్రం పెట్టారు. 1951లో అక్కడి ఉద్యోగికి, మనిషి దిగడానికి కష్టమైన ఒక ఏటవాలు చరియ మీద, పదో పన్నెండో తెల్లటి పెద్దపక్షులు కనిపించాయి. అవి ఎక్కడినుంచి వచ్చాయి? ఈ జాతి పిల్లలు ఎగరడం నేర్చిన తరువాత కొన్ని సంవత్సరాలపాటు నేల మొగం చూడకుండా సముద్రం మీదనే బ్రతుకుతాయి. కర్ర పట్టుకున్నవాడు దీవి మీద ఉన్నన్నాళ్ళూ కొన్ని పడుచుపక్షులు అలా నడిసముద్రంలో ఉండిపోయాయి. దీవికి దూరంగా ఉండబట్టి జాతి నిలిచింది. వేటగాళ్ళకు ఎక్కలేని ఆ చరియే వాటికి మిగిలిన పుట్టిల్లు.

1965లో వరుసగా భూకంపాలు వచ్చేసరికి వాతావరణ కేంద్రంవాళ్ళు కూడా దీవి వదిలి వెళ్ళిపోయారు. పక్షులను పట్టించుకునే నాథుడు లేడు. 1973లో టికెల్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు దీవికి వెళ్ళివచ్చి, జపానులో ఆ సంగతులు చెప్పాడు. విన్నవారిలో హసెగావా హిరోషి అనే యువకుడున్నాడు. మన దేశపు పక్షిని ఎవరో పరాయిదేశంవాడు వచ్చి లెక్కపెట్టిపోవడమా అని అతనికి కొట్టింది కాబోలు. 1977లో తాను దిగి చూశాడు. ఆ ఏడు పిల్లలు పదిహేను. ఈ జాతి భవిష్యత్తు చాలావరకు ఆ చరియ మీద కదలాడే ఆ కొద్ది నల్లటి పిల్లలలోనే ఉంది.

ఇక్కడినుంచే నా సెమినారు చిక్కుల్లో పడింది.

ఆల్బట్రాస్ ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. అది పోతే ఆ ఏడు మరొకటి లేదు. తోరిషిమాలో పెట్టిన గుడ్లలో సగం కూడా ఎగిరే పిల్లలు కావడం లేదు. కారణం వేటగాడు కాదు, నేల. ఆ చరియ వట్టి బూడిదమన్ను. గడ్డి పలచబడింది. వాన వస్తే మన్ను జారుతుంది, గూడు నిలవదు, గుడ్డు దొర్లిపోతుంది, పిల్ల బురదలో కూరుకుపోతుంది. హసెగావా ఆలోచించి సర్కారువాళ్ళకు ఒక సలహా చెప్పాడు. 1981, 82లలో మనుషులను తీసుకొనివెళ్ళి ఆ చరియ మీద గడ్డి నాటించారు. సుసుకి అనే దుబ్బుగడ్డి. అంతే. ఎగిరే పిల్లల లెక్క గుడ్లలో మూడింట రెండు వంతులకు పెరిగింది.

సెమినారులో నేను ఈ మాట చెప్పి పేజీ తిప్పబోతుంటే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగవోయ్. గడ్డి నాటితే పక్షి ఎందుకు బ్రతికింది? బాటనీ కూడా చదువుతున్నావుగా, చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను. దుబ్బుగడ్డికి పీచువేళ్ళు. అవి మట్టిరేణువులను వలలాగా పట్టి ఉంచుతాయి. వాలు మీద పారే నీటి వేగాన్ని దుబ్బు అడ్డుపడి తగ్గిస్తుంది. వేగం తగ్గితే నీరు మోసుకుపోయే మన్ను తగ్గుతుంది. సుసుకి, మన వట్టివేరు, జొన్న, చెరకు, అన్నీ ఒక్క తెగకు చెందిన గడ్డిజాతులే. వట్టివేరునైతే మన రైతులు గనిమల మీద...

అక్కడ ఆగిపోయాను. గొంతు తడి ఆరింది. నోట్సు మరచిపోయాననుకొని మాస్టారు "ఫరవాలేదు, కూర్చో" అన్నారు. మార్కులు బాగానే వేశారు. నేను మరచిపోలేదు. నాకు గుర్తుకువచ్చింది.

మాది మెట్టసేద్యం. గుట్టకింద నాలుగెకరాల వాలుచేను, చెనిక్కాయ వేస్తాం. చేను అడ్డంగా మూడు గనిమలు. వాటి మీద మా తాత కాలంనాటి వట్టివేరు దుబ్బులు. నేను ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు వ్రాసి సెలవులకు ఇంటికి వెళ్ళాను. పుస్తకంలో మొక్కల మధ్య పోటీ అనే పాఠం చదివాను. నీటికి పోటీ, పోషకాలకు పోటీ, వెలుతురుకు పోటీ. గనిమ మీద కసువు పైరుకు పోటీ అని నాకు అర్థమైంది. పైగా ఎలుకలు, పాములు. నాయన మా అక్కగారి ఊరికి పెండ్లికి వెళ్ళిన నాలుగురోజులలో, మా పెద్దనాయన కొడుకును తోడు చేసుకొని, గడ్డపారలతో నడిమి గనిమ దుబ్బులన్నీ పెకలించి కుప్పవేసి తగలబెట్టాను. గనిమను చెక్కి సన్నం చేశాము. రెండు సాళ్ళు ఎక్కువ వచ్చాయి. చాలా గర్వపడ్డాను. ఇంట్లో సైన్సు చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

నాయన వచ్చి చూశాడు. ఆ కాలిన బూడిద కాలితో కదిపి చూశాడు. "నీళ్ళు వచ్చినప్పుడు చూస్తాంలే" అన్నాడు.

సెప్టెంబరులో ఒక రాత్రి వచ్చాయి. గుట్ట మీద పడిన వాన అంతా చేలోకి దిగింది. తెల్లవారి చూస్తే నడిమి గనిమ రెండుచోట్ల తెగింది. దాని దిగువన మోకాలిలోతు కోత. ఎర్రమన్ను పోయి గరుసు తేలింది. ఊడలతో సహా లేచిపోయిన చెనిక్కాయ చెట్లు వంక గడ్డన చిక్కుకొని ఉన్నాయి. అంగుళం మన్ను తయారుకావడానికి వందల సంవత్సరాలు పడుతుందని నేను ఆ తరువాత పుస్తకంలో చదివాను. పోవడానికి ఒక రాత్రి చాలునని పుస్తకం చదవకముందే చూశాను.

నాయన నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేదేమో! బాడుగ ట్రాక్టరు పెట్టి వంకలోని ఒండ్రు మన్ను తోలించాడు. ఆ ఏడు నా కాలేజీ ఫీజుకు అమ్మ పాలెనుమును అమ్మింది. మరుసటి తొలకరికి నాయన వంక గడ్డన వట్టివేరు పిలకలు తవ్వుకొచ్చి, జానకొకటి చొప్పున గనిమ మీద నాటడం మొదలుపెట్టాడు. సగం ఎండిపోయాయి. ఆ మరుసటి ఏడు మళ్ళీ నాటాడు. దారిన పోయే ఒకాయన, "పైరు నాటేవాణ్ణి చూసినాం గాని కసువు నాటేవాణ్ణి నిన్నే చూస్తాండాం రా" అని నవ్వాడు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. తలకాయ వంచుకున్నాను గాని, అది నా పని అని నోరు తెరిచి చెప్పలేదు.

ఇదే ఆ లెక్క.

సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు ఒక రాత్రి కళ్ళం దగ్గర మంట వేసుకొని కూర్చున్నాం. నాయన, అవ్వ, నేను. ఈ దీవి కథ మొదలుపెట్టాను. పక్షుల చావు, అగ్నిపర్వతం సంగతి చెప్పగానే అవ్వ ఒళ్ళు జలదరించినట్లు కదిలింది.

"నోరులేని పిట్టల ఉసురు, ఊరికే పోతాదా నాయనా!"

"అగ్నిపర్వతానికి ఉసురూ గిసురూ తెలీదవ్వా. భూమి లోపల కరిగిన రాయి పైకి తన్నుకొస్తుంది, అంతే."

అవ్వ కొంచెంసేపు ఆలోచించింది. "ఆ చచ్చిపోయినోళ్ళలో, పిట్టల్ని చంపించినోడు ఉండాడా?"

"లేడవ్వా. ఆయన ఆ తర్వాత కూడా బ్రతికే ఉన్నాడు. పోయిందంతా కూలికి పోయినోళ్ళూ, వాళ్ళ పెండ్లాం బిడ్డలూ."

"అయితే నువ్వు చెప్పిందే నిజం లేరా" అంది అవ్వ, మంటలోకి పుల్ల ఎగదోస్తూ. "ఉసురైతే దోవ తప్పి కూలోళ్ళ ఇంటికి రాదు."

మా అవ్వ వేలిముద్ర మనిషి. ఎకనామిక్స్ మిత్రులు ఈ వాక్యం వ్రాసుకోవచ్చు.

తరువాత గడ్డి సంగతి చెప్పాను. నాయన అప్పటిదాకా బీడీ కాలుస్తూ వింటున్నవాడు ముందుకు వంగాడు.

"నిలిచిందా ఆ కసువు?"

"నిలిచింది నాయనా, కొన్నేళ్ళు. 1987లో పైనుంచి కొండమన్ను జారి మళ్ళా గూళ్ళమీద పడింది. పిల్లలు తగ్గిపోయినాయి."

"ఊ. వాలు పైన కాలవ తీసినారా? ఊరికే నాటితే ఎట్లా? పైన నీళ్ళు పక్కకు మళ్ళించల్ల గదా ముందు."

నేను నిర్ఘాంతపోయాను. 1993 నుంచి వాళ్ళు చేసింది అచ్చంగా అదే. బురద పక్కకు పోయేలాగా కాలువ తవ్వి, మళ్ళీ గడ్డి నాటారు. మళ్ళీ పిల్లల లెక్క పెరిగింది. జపాను నిపుణులు అంత ఖర్చుపెట్టి చేసినదానిని మా నాయన బీడీ ఆరకముందే చెప్పాడు.

మిగతా కథ కూడా చెప్పాను. ఒక్క చరియనే నమ్ముకుంటే ఏనాటికైనా ముప్పేనని, దీవికి అవతలివైపు చదునుగా, గడ్డి ఉన్న చోట హసెగావా బృందం ఉత్తుత్తి పక్షిబొమ్మలు నిలబెట్టి, పక్షుల అరుపులు రికార్డు చేసి వినిపించారు. మనవాళ్ళు ఇక్కడ కాపురముంటున్నారు కాబోలునని నమ్మి 1995లో మొదటి జంట అక్కడ గుడ్డు పెట్టింది. తోరిషిమా పర్వతం 2002లో కూడా బూడిద కక్కింది. కనుక 2008 నుంచి 2012 వరకు 70 పిల్లలను హెలికాప్టరులో ఎక్కించి, 350 కిలోమీటర్ల అవతల ముకోజిమా దీవికి తరలించి, మనుషులే చేతితో చేపలు తినిపించి పెంచారు. 69 ఎగిరిపోయాయి. ఎగిరిపోయినవి ఏళ్ళ తరువాత పెద్దవై ఆ కొత్త దీవికే తిరిగివచ్చాయి. 1951లో పదో పన్నెండో ఉన్న జాతి 2018 నాటికి అయిదువేలు దాటింది. పాడుబడ్డ వాతావరణ కేంద్రం గోడల మధ్య పడుకొని, నలభై ఏళ్ళు ఆ దీవికి రాకపోకలు సాగించిన హసెగావా, "పిచ్చిపక్షి అనే పేరు దీనికి తగదు, ఓకినోతయూ అనండి" అన్నాడు. నడిసముద్రపు దొర అని చెప్పుకోవచ్చు.

"పేరుదేముందిలే" అన్నాడు నాయన. "జారిపోయినాక మల్లా నాటినారు చూడు, అదీ."

ఆ మాట నన్ను ఉద్దేశించి అన్నాడో లేదో నాకు తెలియదు. మంట వెలుగులో ఆయన మొగం చూస్తూ, మూడున్నరేళ్ళ తరువాత, "నాయనా, ఆ గనిమ నేను చెడగొట్టింటి" అన్నాను. తెలిసిన సంగతే, ఇద్దరికీ తెలిసిన సంగతే. అయినా నోటితో అనడానికి నాకు పసిఫిక్ సముద్రం చుట్టి రావలసివచ్చింది.

"ఊ" అన్నాడు నాయన. కొంచెం ఆగి, "పైగనిమ మూలన పిలకలు ఎండిపోయినాయి. తొలకరికి రా, ఇద్దరం నాటుకుందాం" అన్నాడు.

మిత్రులారా, ఈ వ్యాసంలో సందేశం ఏదని మా సెక్రటరీ అడిగాడు. సావనీరు వ్యాసానికి సందేశం ఉండి తీరాలట. నాకు తోచింది ఒక్కటే. మనం ఇక్కడ చదివే ప్రతి పాఠం ఎవరో ఒకరి చేలో అప్పుడే జరుగుతున్నదై ఉండవచ్చు. పాఠం సగం చదివి గడ్డపార అందుకోవద్దు. పోటీ పాఠం తరువాతి అధ్యాయమే నేల కోత, నేల రక్షణ అని నేను రెండో సంవత్సరంలో గాని చూసుకోలేదు.

ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి తోరిషిమా చరియ మీద పిల్లలకు రెక్కలు ముదురుతూ ఉంటాయి. మే నెలాఖరులో అవి ఒక్కొక్కటే సముద్రం మీదికి పోతాయి. ఆ నెలలోనే మన పరీక్షలు కూడా అయిపోతాయి. తొలకరి ఎప్పుడు పడుతుందో చెప్పలేం. పడిన మరునాడు నేను మాత్రం పైగనిమ మూలన ఉంటాను.